మన ఊళ్ళో ఒక ఆట, వాళ్ళ ఊళ్ళో ఒక ఆట

ఎలమంచిలి రైల్వే స్టేషన్‌లో కాసేపు నిలబడితే చాలు, లోకంలో రైళ్ళు రెండు రకాలని తెలిసిపోతుంది. ఆగేవి, ఆగనివి. హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న ఊరు కాబట్టి పగలూ రాత్రీ బళ్ళు వస్తూనే ఉంటాయి. ప్యాసింజర్లు ఆగుతాయి. కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. కోరమాండల్ ఆగదు. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్ళే వందే భారత్ కూడా ఆగదు. అవి వస్తున్నాయని అనౌన్స్‌మెంట్ వినగానే ప్లాట్‌ఫాం మీదవాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు, దుమ్ము లేస్తుంది, బండి వెళ్ళిపోతుంది, ఆగిన మాటలు మళ్ళీ మొదలవుతాయి. ఫలానా బండికి ఫలానా చోట హాల్ట్ ఇచ్చారట అన్నది మా వైపు చిన్న ఊళ్ళలో పెద్ద వార్త. ఆగేది ఒకటి రెండు నిమిషాలే కావచ్చు. కానీ ఆ కాసేపూ మన ఊరి పేరు కూడా టైం టేబుల్లో ఉంటుంది కదా!

ఫుట్‌బాల్ గురించి రాద్దామని కూర్చుని రైళ్ళ గురించి చెబుతున్నానేమిటి అనుకోకండి. యూరప్ ఫుట్‌బాల్లో ఒకప్పుడు ఫైనల్ మ్యాచ్‌కే ఇలాంటి హాల్ట్ ఉండేది. యుయెఫా కప్ అని ఒక టోర్నమెంటు. ఇప్పుడు దాన్నే యూరోపా లీగ్ అంటున్నారు. 1972లో జరిగిన మొదటి ఫైనల్ నుంచి 1997 దాకా ఆ కప్పుకి ఫైనల్ అంటే ఒక మ్యాచ్ కాదు, రెండు. ఒకటి మన ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే కప్పు వాళ్ళది. ఒక్కో మ్యాచ్‌ని ఇంగ్లీషులో 'లెగ్' అంటారు. లెగ్ అంటే కాలు అనే అర్థం మాత్రమే తెలిసిన మనకి 'టూ లెగ్ ఫైనల్' అంటే నవ్వొస్తుంది గానీ, ఇక్కడ లెగ్ అంటే ప్రయాణంలో ఒక అంచె.

నిజానికి మనకి ఇది కొత్తేమీ కాదు. మన పెళ్ళిళ్ళు ఇలాగే కదా జరిగేది! పెళ్ళి ఒక ఇంట్లో అయితే, వ్రతమో రిసెప్షనో రెండో ఇంట్లో. మొదటి రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని మూతి ముడిచినవాళ్ళు, రెండో రోజు తమ వంటశాల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ మొహాలు చూస్తుంటారు. అన్నీ ఒకే ఫంక్షన్ హాల్లో కానిచ్చేస్తే ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ వియ్యాలవారి వీధి ఎలా ఉంటుందో, వాళ్ళ పెరట్లో ఏ చెట్టుందో ఎప్పటికీ తెలీదు.

ఇంతకీ మా ఊరు. విశాఖపట్నానికి పడమర వైపు దాదాపు అరవై కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే అన్నవరం, తుని, అడ్డరోడ్డు దాటాక 16వ నంబరు హైవే మీద వస్తుంది. చాలామంది నిద్రలోనే దాటేస్తారు. దాటిపోయేవాళ్ళకి తెలియనిది ఏమిటంటే, ఈ చిన్న ఊరు పేరు మీద ఒకప్పుడు ఒక దేశమే ఉండేది. తూర్పు చాళుక్యుల శాసనాల్లో 'ఎలమంచి కలింగ దేశం' అని కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన చాళుక్య శాఖని చరిత్రకారులు ఎలమంచిలి చాళుక్యులు అంటారు. వాళ్ళ శాసనాలు చూడాలంటే దగ్గర్లోనే ఉన్న పంచదార్ల వెళ్ళాలి. కొండ పక్కన ధర్మలింగేశ్వరస్వామి గుడి, అక్కడ ఊరే నీటి ధారలు. ఆ ధారల వల్లే ఆ పేరు. కార్తీకమాసంలో తప్ప పెద్దగా జనం ఉండరు. ప్రశాంతంగా చూసి రావచ్చు.

ఇంకో వైపు ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, లక్క వేడి మీద ఉండగానే రంగు పట్టిస్తారు. ఆకులు, గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన రంగులు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఇవే. ఒక ఊరి పేరే సరుకు పేరైపోవడం చిన్న విషయం కాదు. ఢిల్లీలో కొన్నా, హైదరాబాద్ శిల్పారామంలో కొన్నా అది 'ఏటికొప్పాక బొమ్మే'.

రంగుల మాట వచ్చింది కాబట్టి జర్మనీలో ఇంకో రంగుల ఊరి గురించి చెప్పాలి. లెవర్‌కూసెన్. రైన్ నది ఒడ్డున, కొలోన్ నగరం పక్కన ఉంటుంది. కార్ల్ లెవర్‌కూస్ అనే ఆయన అక్కడ రంగుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ స్థలాన్ని తర్వాత బేయర్ కంపెనీ కొనుక్కుంది. మనకి ఆస్పిరిన్ మాత్రతో తెలిసిన బేయరే. అది కూడా 1863లో రంగుల కంపెనీగానే మొదలైంది. ఫ్యాక్టరీ చుట్టూ ఊరు పెరిగింది, ఊరికి ఫ్యాక్టరీ ఆయన పేరే వచ్చింది. 1903లో ఒక కార్మికుడు తోటివాళ్ళ సంతకాలు సేకరించి, మాకో ఆటల క్లబ్బు కావాలని కంపెనీకి ఉత్తరం రాశాడు. 1904లో క్లబ్బు పెట్టారు. అదే నేటి బేయర్ లెవర్‌కూసెన్ జట్టు.

నాకు ఈ కథ దగ్గరగా అనిపించడానికి కారణం అచ్యుతాపురం. ఎలమంచిలి నుంచి అచ్యుతాపురం రోడ్డు మీద షిఫ్ట్ మారే వేళ నిలబడి చూడండి. మందుల కంపెనీల బస్సులు, బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీలకి వెళ్ళే ఆడపిల్లల బస్సులు వరసగా పోతుంటాయి. మెడలో ఐడీ కార్డులు, చేతిలో క్యారేజీలు, కిటికీకి ఆనించిన తలలు. పదో తరగతి దాకా నాతో చదివినవాళ్ళలో సగం మంది ఆ బస్సుల్లోనే ఉన్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా లెవర్‌కూసెన్ కార్మికుల ఉత్తరం గుర్తొస్తుంది. జీతం పెంచమని కాదు, ఆడుకోవడానికి చోటు కావాలని రాసిన ఉత్తరం.

ఆ చోటులోకే 1988లో యూరప్ ఫైనల్ వచ్చింది. ప్రత్యర్థి బార్సిలోనా నగరానికి చెందిన ఎస్పాన్యోల్. మే 4న మొదటి మ్యాచ్ బార్సిలోనాలో. ఎస్పాన్యోల్ 3–0తో గెలిచింది. ఫుట్‌బాల్లో మూడు గోల్స్ తేడా అంటే క్రికెట్లో ఇన్నింగ్స్ ఓటమి లాంటిది. ఒక్క మ్యాచ్ ఫైనల్ అయితే కథ అక్కడితో అయిపోయేది. కానీ రెండో అంచె మిగిలి ఉంది. మే 18న లెవర్‌కూసెన్లో, ఇరవై వేల పైచిలుకు జనం ముందు ఆట మొదలైంది. సగం టైం అయ్యేసరికి ఒక్క గోల్ లేదు. అంటే మిగిలింది 45 నిమిషాలు, కావలసింది మూడు గోల్స్.

57వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు టీటా ఒకటి కొట్టాడు. 63వ నిమిషంలో గోట్స్ రెండోది. 81వ నిమిషంలో దక్షిణ కొరియా నుంచి వచ్చిన చా బుమ్ కున్ తలతో మూడోది. ఒక ఆసియా వాడు యూరప్ ఫైనల్లో స్కోరు సమం చేశాడు! ఎక్స్‌ట్రా టైంలో ఎవరూ గోల్ చెయ్యలేదు. పెనాల్టీల్లో 3–2తో కప్పు ఫ్యాక్టరీ ఊరికి దక్కింది. మొదటి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టి హీరో అయిన లోసాడాయే చివరి పెనాల్టీని గోల్లోకి పంపలేకపోయాడు. పద్నాలుగు రోజుల్లో ఒక మనిషి జీవితం ఎలా తిరగబడుతుందో చూడండి.

ఇది ఒక్క లెవర్‌కూసెన్ కథ కాదు. ఆ కప్పు ఫైనల్స్ జరిగిన ఊళ్ళ లిస్టు చూస్తే అచ్చం మన ప్యాసింజర్ బండి ఆగే స్టేషన్లలా ఉంటుంది. 1978లో కోర్సికా దీవిలోని బాస్టియాలో వానకి బురదైపోయిన గ్రౌండ్ మీద 0–0. రెండో మ్యాచ్ ఐండ్‌హోవెన్లో, ఫిలిప్స్ బల్బుల కంపెనీ ఉద్యోగుల జట్టుగా పుట్టిన పీఎస్‌వీ 3–0తో గెలిచింది. 1981లో ఇంగ్లండ్‌లోని ఇప్‌స్విచ్ అనే చిన్న పట్టణం తన గ్రౌండులో 3–0తో గెలిచి, రెండో మ్యాచ్‌లో 2–4తో ఓడింది. మొత్తం 5–4. ఆ ఒక్క గోల్ తేడాతో కప్పు తెచ్చుకుంది. 1987లో స్కాట్లండ్‌లోని డండీలో రెండో మ్యాచ్. అక్కడ కప్పు స్వీడన్ జట్టు గోటెబోర్గ్ పట్టుకుపోయింది, అయినా ఫైనల్ మాత్రం డండీకి వచ్చింది.

ఇప్‌స్విచ్ చేతిలో ఓడిన జట్టు ఏజెడ్ ఆల్క్‌మార్. మన అనకాపల్లికి బెల్లం మార్కెట్ ఎలాగో, నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్‌కి చీజ్ సంత అలాగ. కానీ వాళ్ళ 'సొంతూరి' మ్యాచ్ సొంతూళ్ళో జరగలేదు. ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ స్టేడియంలో పెట్టారు. మా వైపు వాళ్ళకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. మన ఊళ్ళో పిల్ల పెళ్ళి, కల్యాణ మండపం మాత్రం విశాఖలో!

మొన్న ఊరెళ్ళినప్పుడు ఇదంతా మా బావకి చెప్పాను. బావ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడు. ఫుట్‌బాల్ చూడడు, వాలీబాల్ ఆడతాడు. సంక్రాంతి పోటీల్లో వాళ్ళ జట్టు ఫైనల్ దాకా రావడం, పెద్ద ఊరి గ్రౌండులో ఆ ఊరి జట్టు మీద ఓడిపోవడం ఏళ్ళుగా జరుగుతోంది. అంతా విని, "ఐతే రెండాటలాడినా సమానమైతే ఏటి సేస్తారు?" అన్నాడు. పెనాల్టీల గురించి చెప్పాను. ఒక నిమిషం ఆగి, "అది సరే గానీ బావా, ఓడిపోయినా పర్లేదు. ఆలు కూడా ఓ పాలి మనూరొచ్చి ఆడాల కదా. మా నాన్న నేనాడిన ఫైనల్ ఒక్కటీ సూళ్ళేదు" అన్నాడు.

మావయ్యకి మోకాళ్ళ నొప్పులు. పక్కూరి దాకా రాలేడు. ఇంటి ముందు అరుగు మీద నుంచి కనిపించే గ్రౌండులో జరిగితే మాత్రం మొదటి ప్రేక్షకుడు ఆయనే. రెండు అంచెల ఫైనల్ గురించి నేను చదివిన విశ్లేషణల్లో ఎక్కడా లేని పాయింటు ఇది. కప్పు ఎవరు గెలిచారన్నది ఒక లెక్క. ప్రయాణం చెయ్యలేనివాళ్ళు, టిక్కెట్టు కొనలేనివాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు కూడా ఫైనల్ చూడగలిగారా అన్నది ఇంకో లెక్క.

1997తో ఆ రెండో లెక్క ముగిసింది. ఆఖరి రెండు అంచెల ఫైనల్ షాల్కేకీ ఇంటర్ మిలాన్‌కీ మధ్య. షాల్కే జర్మనీలోని గెల్సెన్‌కిర్హెన్ అనే బొగ్గు గనుల ఊరి జట్టు. సొంతూళ్ళో 1–0తో గెలిచి, మిలాన్లో 0–1తో ఓడి, పెనాల్టీల్లో 4–1తో కప్పు పట్టుకెళ్ళింది. మరుసటి ఏడాది నుంచి ఒకటే మ్యాచ్, ముందే నిర్ణయించిన వేదికలో. 1998లో ఫైనల్‌కి వచ్చినవి ఇంటర్, లాజియో. రెండూ ఇటలీ జట్లే. ఆడింది మాత్రం పారిస్‌లో!

ఒక్క మ్యాచ్ పెట్టడానికీ కారణాలున్నాయి, కాదనను. ఒకే రాత్రి, ఒకే వేదిక, టీవీకి అనుకూలం. రెండో మ్యాచ్ సొంతూళ్ళో ఆడేవాళ్ళకి కాస్త లాభం ఉంటుందన్న గొడవ లేదు. మొదటి మ్యాచ్‌లో ఓడిపోకుండా ఉంటే చాలని గోడ కట్టుకుని ఆడే జట్ల విసుగూ లేదు. ఇప్పుడు యూరప్‌లో సెమీఫైనల్ దాకా ఇంటా బయటా ఆడి, ఫైనల్‌కి మాత్రం అందరూ మూడో ఊరికి విమానం ఎక్కుతారు. ఆఫ్రికా చాంపియన్స్ లీగ్‌లో మాత్రం ఈమధ్య మళ్ళీ రెండు అంచెల ఫైనలే ఆడుతున్నారు.

మన తెలుగు నేల మీద ఇలాంటి ఆటకి దగ్గరగా వచ్చింది హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు అంచెలు, 3–1 గెలుపు, 0–1 ఓటమి, మొత్తం 3–2. కానీ కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే. 'ఇంటి మ్యాచ్', 'బయటి మ్యాచ్' అన్నవి కాగితం మీద మాటలే. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయ్యేనాటికి, ఆ సీజన్లో హైదరాబాద్ జనం తమ ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

మరుసటి ఏడాది మాత్రం ఇల్లు దొరికింది. 2023 మార్చి 9న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మళ్ళీ అదే బగాన్‌తో సెమీస్ మొదటి అంచె. మా ఆఫీసులకి కూతవేటు దూరం. ఐడీ కార్డులు మెడలో ఉండగానే వచ్చినవాళ్ళు చాలామంది. 0–0. నాలుగు రోజుల తర్వాత కోల్‌కతా సాల్ట్ లేక్‌లో కూడా 0–0. రెండు ఊళ్ళలో కలిపి మూడు గంటలకు పైగా ఆడినా ఒక్క గోల్ లేదు. పెనాల్టీల్లో 4–3తో బగాన్ నెగ్గింది. గోల్స్ లేని మ్యాచ్ చూసి ఏం సుఖం అంటారేమో. "వాళ్ళ గ్రౌండులో చూసుకుందాం" అనుకుంటూ స్టేడియం నుంచి బయటికొచ్చిన ఆ రాత్రి నాకింకా గుర్తుంది. మామూలు మ్యాచ్‌కి ఆ మాట ఉండదు.

ఆ క్లబ్బు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఆటగాళ్ళు మారితే జట్టు మిగులుతుంది, ఓడిపోతే వచ్చే ఏడాది మిగులుతుంది. ఊరే మారిపోతే? ఇంటి మ్యాచ్ ఆడాలంటే ముందు ఇల్లుండాలి. విశాఖ వైపు వాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. దువ్వాడ దగ్గర రైల్లోంచి స్టీల్ ప్లాంటు వైపు చూపిస్తూ 1966 ఉద్యమం గురించి చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ చెయ్యి జారిపోకూడదని ఈనాటికీ టెంట్లు వేసుకుని కూర్చున్నవాళ్ళని చూశాం. ఏదైనా మన ఊరికి రావడం ఎంత కష్టమో, వచ్చింది నిలవడం అంతకన్నా కష్టం.

వచ్చిన రోజు మాత్రం ఎవరూ మరిచిపోరు. 2005 ఏప్రిల్ 5న విశాఖలో ఇండియా–పాకిస్తాన్ వన్డే. జుట్టు పొడుగ్గా ఉన్న ఒక కొత్త కీపర్ 148 కొట్టాడు. ధోనీ అంటే ఎవరో దేశానికి తెలిసింది ఆ రోజే. ఎలమంచిలి నుంచి, అనకాపల్లి నుంచి తెల్లవారుజామున బళ్ళు పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఎండనీ, ఆ గేటు దగ్గర తోపులాటనీ వర్ణించి చెబుతారు. ధోనీ తర్వాత ప్రపంచ కప్పులు గెలిచాడు. వీళ్ళ లెక్కలో అవన్నీ ఆ మ్యాచ్ తర్వాతే.

మీరు ఎలమంచిలి వైపు రావాలనుకుంటే సంక్రాంతికి రండి. పొద్దున్నే పంచదార్ల, మధ్యాహ్నం ఏటికొప్పాకలో బొమ్మలు, సాయంత్రం పూడిమడక దగ్గర సముద్రం, వలలు సర్దుకునే పడవలు. ఒక్క రోజులో అన్నీ అయిపోతాయి. ఇంకో రోజు ఉండగలిగితే మా వాలీబాల్ చూడొచ్చు. ఈసారి ఫైనల్ రెండు ఊళ్ళలో పెడదామని మా బావ అవతలి జట్టు కెప్టెన్‌తో మాట్లాడుతున్నాడు. అవతలివాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. నెట్టు, లైట్లు రెండుసార్లు కట్టాలి, భోజనాల ఖర్చు ఎవరిదో తేలాలి, అంపైర్ ఎవరన్నది పెద్ద పేచీ. మావయ్య మాత్రం అరుగు ముందున్న సరుగుడు కొమ్మ గ్రౌండుకి అడ్డొస్తోందని అప్పుడే కొట్టించేశాడు.